వరద తెరిచిన కిటికీ

వరద వచ్చి వెళ్లాక ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి పోయింది. ఒకరికి మంచాలు పోయాయి, ఒకరికి బీరువా. ఎదురింటి దర్జీకి కుట్టుమిషన్లు పోయాయి. తాపీమేస్త్రి ఇంట్లో మాత్రం వంటింటి గోడ పోయింది. గోడంతా కూడా కాదు, వీధి వైపు నడిమధ్యన చతురస్రంగా ఓ పెద్ద కంత పడింది. చుట్టూ ఉన్న మిగతా గోడ చెక్కు చెదరలేదు.

ఆ కంతకు టార్పాలిన్ కట్టారు. పొద్దున్నే లేచి దాన్ని పైకి చుట్టేయడం మేస్త్రి భార్య చేసే మొదటి పని. ఎందుకని అడిగితే పొయ్యి దగ్గర ఉక్కపోతగా ఉందంటుంది. అది పచ్చి అబద్ధం. ఎండ తిన్నగా వచ్చి గిన్నెల మీద పడుతుంటే ఆవిడకు ప్రాణం లేచొస్తోంది. ఇన్నేళ్లూ బల్బు వెలుగులో తరిగిన ఉల్లిపాయలకు అంత అందమైన రంగుందని ఆవిడకు ఈమధ్యే తెలిసింది. వీధంతా కష్టంలో ఉంటే తనకు ఈ సంబరమేమిటని సిగ్గుపడుతూనే, రోజూ టార్పాలిన్ చుడుతోంది.

నిజానికి అక్కడ ఒకప్పుడు కిటికీ ఉండేది. కాపురానికొచ్చిన కొత్తలో ఓ రోజు, “దారిన పోయేవాళ్లు లోపలికి తొంగి చూస్తున్నారండీ” అంది భర్తతో. ఆ సాయంత్రం మేస్త్రి పని నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా కిటికీ పీకేసి గోడ పెట్టేశాడు. పెళ్లాం నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక మరి! కొత్త పెళ్లికూతురి సిగ్గు వారం తిరక్కుండానే పోయింది. గోడ మాత్రం ముప్పై ఏళ్ల పైచిలుకు ఉండిపోయింది. “మా ఆయన నాకోసం ఒక్క పూటలో కట్టాడు” అని ఆవిడే నలుగురికీ గొప్పగా చెప్పింది. ఇక తీసేయమని ఏ నోటితో అడుగుతుంది?

“వదినా! టీ పెట్టావా? ఘుమఘుమలు ఇక్కడిదాకా వస్తున్నాయి!”

ఎదురింటి మెట్ల మీద నుంచి దర్జీ భార్య కేకేసింది. వీధిలో అందరూ ఆమెను రేడియో అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లోలోపల ముచ్చట కూడా.

“నీకూ కలిపే పెట్టాను, రా!” అంది మేస్త్రి భార్య కంతలోంచి.

“ఇవాళ మున్సిపాలిటీ మీటింగు కదా, నా నోటికి పదును పెట్టుకుంటున్నా. గ్లాసు అలా అందించు చాలు!”

రేడియో వీధి దాటొచ్చి గ్లాసందుకుని, సగం ఊరి కబుర్లు అక్కడే వినిపించి వెళ్లింది. మేస్త్రి తాపీ తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

“ఇవాళ్టితో ఈ టార్పాలిన్ పీడ వదులుతుందిలే. మీటింగు కాగానే గోడ మొదలెడతా. ఈసారి సిమెంటుతో కడతా, ఏనుగొచ్చి గుద్దినా కదలదు. ‘మేస్త్రి గోడే కొట్టుకుపోయింది’ అని ఆ దర్జీ రోజూ నన్ను ఆటపట్టిస్తున్నాడు!”

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఏదో అనబోయింది. అంతలో స్కూటరు చప్పుడై, కూతురు లోపలికొచ్చింది. లిఫ్టులు బాగుచేసే పని ఆ పిల్లది. ఇంట్లో అడుగు పెడుతూనే పనిముట్ల సంచి కింద పడేసి మొదలుపెట్టింది.

“నాన్నా, మీటింగులో ఓటు కింద మనకిచ్చే చెక్క ఇల్లు, గుట్ట మీదికి మారదామనే బల్ల మీదే పెట్టాలి. ముందే చెబుతున్నా.”

“నేను కట్టిన ఇల్లు వదిలి గుట్టెక్కాలా? నాకేం పట్టింది?”

“మళ్లీ నీళ్లొస్తేనో? అర్ధరాత్రి మీ ఇద్దర్నీ మేడ మీద నుంచి పడవలో దించింది నేను. ఆ భయం నీకేం తెలుసు!”

“నా ఇంటి సంగతి నాకు నేర్పకు!”

“నీకు మొండితనం కూడా ఎవరూ నేర్పక్కర్లేదు!”

ఇద్దరికిద్దరూ ఒకే పోలిక, ముక్కు మీద కోపం. మధ్యలో నిలబడిన మనిషికి ఏం కావాలో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అమ్మకు ఆ ఇల్లంటే ప్రాణమని కూతురి నమ్మకం, ఆ గోడంటే ఇంకా ప్రాణమని భర్త నమ్మకం. ఆవిడ ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసులు పెట్టింది.

మీటింగు బడి హాల్లో జరిగింది. మూడు బల్లల మీద వీధి నమూనాలు మూడు పెట్టారు. ఇంటికొకటి చొప్పున చిన్న చెక్క ఇల్లు ఇచ్చారు. నచ్చిన బల్ల మీద దాన్ని పెట్టాలి, ఏ బల్ల మీద ఎక్కువ ఇళ్లుంటే ఆ పనే చేస్తారు. ప్లానింగ్ ఆఫీసరుగా వచ్చిన అమ్మాయి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

“మొదటి బల్ల: ఇళ్లను ఉన్నచోటే బాగుచేసి, కాలువ వెడల్పు చేస్తాం. వరదకు ముందు ఏ గోడ ఎక్కడుందో అలాగే కట్టడానికి మాత్రమే డబ్బిస్తాం. రెండో బల్ల: వీధి ఇదే, ఇరుగుపొరుగూ వీళ్లే, కానీ ఇళ్లు స్తంభాల మీదకెక్కుతాయి. నీళ్లొస్తే కింద నుంచి పోతాయి. లోపల ఏది ఎక్కడుండాలో మీ ఇష్టం. మూడో బల్ల: గుట్ట మీద కట్టి ఉన్న ఇళ్లు ఇస్తాం. ఎవరి పక్కన ఎవరొస్తారో చీటీల్లో తేలుతుంది.”

“అంటే నా ఎదురింట్లో ఎవరుంటారో తెలీదా? నా కబుర్లు ఎవరికి చెప్పుకోవాలమ్మా?” అని రేడియో లేచింది. హాలంతా నవ్వు.

మేస్త్రి భార్య మాత్రం నవ్వలేదు. ‘వరదకు ముందున్నట్టే’ అన్న మాట దగ్గరే ఆవిడ మనసు ఆగిపోయింది. మళ్లీ ఆ చీకటి, మళ్లీ ఆ బల్బు. మేస్త్రి చెక్క ఇల్లు పట్టుకుని మొదటి బల్ల వైపు నడిచాడు, కూతురు గుట్ట బల్ల వైపు చెయ్యి పట్టి లాగుతోంది. అతను ఇల్లు పెట్టబోతుండగా ఆవిడ వెళ్లి మణికట్టు పట్టుకుంది.

“అక్కడ పెట్టకండి.”

“అదీ! అమ్మ కూడా గుట్టే అంటోంది!” అంది కూతురు.

“నేను గుట్ట అనలేదే. ఏమండీ, నాకు ఆ గోడ వద్దు.”

“ఏ గోడ?”

“మన వంటింటి గోడ. నాకది మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇన్నేళ్లూ చీకట్లో వండాను. అది కొట్టుకుపోయిన రోజు నుంచే నాకు వంటింట్లో హాయిగా ఉంది. దాన్ని మళ్లీ కట్టకండి, మీకు దణ్ణం పెడతాను.”

అన్నాక గానీ తను ఎంతమందిలో అందో తెలియలేదు. రేడియో సైతం నోరు మూసుకుంది, అలా జరగడం వీధిలో ఎవరూ ఎరగరు. మేస్త్రి ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, చెక్క ఇల్లు గుప్పిట్లో బిగించి బయటకు వెళ్లిపోయాడు.

“అమ్మా, ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?” అంది కూతురు. గొంతులో ఇందాకటి దూకుడు లేదు.

“మీ నాన్న ఎంత ముచ్చటపడి కట్టాడో తెలుసా? ఇప్పుడు చూడు, నలుగురిలో ఆయన పరువు తీసేశాను.” ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ అతని వెనకే పరుగెత్తింది. కూతురూ వెంట నడిచింది.

మేస్త్రి వంటింట్లో ఉన్నాడు. కంత అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“నన్ను క్షమించండి. అలా అందరిలో...”

“ఇటు రా. ఈ అంచు చూడు.”

చూసింది. అంచు నున్నగా, కోసినట్టుగా ఉంది.

“గోడలో గోడ పెట్టాలంటే కొత్త ఇటుకల్ని పాత వాటిలోకి చొప్పించి కట్టాలి. నేను చొప్పించలేదు. సిమెంటు కూడా పెట్టలేదు. మట్టితో పేర్చి, పైన సున్నం పూశానంతే. అందుకే ఇది ఒక్కటే నీళ్లకు కరిగిపోయింది.”

“మీరా? మట్టితోనా? ఎందుకూ?”

“కొత్త పిల్లవి. సిగ్గు పోయాక వెలుతురు కావాలంటావు అనుకున్నా. నువ్వు అడిగిన రోజున రెండు దెబ్బలేస్తే ఊడొచ్చేట్టు పేర్చా.” అతను గొంతు సవరించుకున్నాడు. “నువ్వు అడగలేదు. పైగా ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నావు. సరే, గోడే నచ్చిందేమో అనుకున్నా.”

ఆవిడ ఆ నున్నటి అంచు మీద చెయ్యి వేసింది. తను నోరు తెరవడానికి భయపడిన ప్రతి రోజూ, గోడకు అవతల ఈ మనిషి తను నోరు తెరుస్తుందేమోనని కాచుకుని ఉన్నాడు! ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే నవ్వొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి.

“మీరైనా అడగొచ్చుగా, మహానుభావా!”

“అడగడమెందుకూ, నీ మురిపెం చూస్తూనే ఉన్నాగా అనుకున్నా” అన్నాడు మేస్త్రి, పట్టుబడ్డ దొంగలా. కూతురు గుమ్మంలోనే కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

“మీ ఇద్దర్నీ ఒకే లిఫ్టులో ఇరికించి ఆపేయాల్సింది నేను. ఏనాడో మాట్లాడుకునేవాళ్లు!”

మేస్త్రి గుప్పిట విప్పి చెక్క ఇల్లు భార్య చేతిలో పెట్టాడు. “నీకోసం కట్టిన ఇల్లు. ఎక్కడ పెడతావో నువ్వే పెట్టు.”

“రెండో బల్ల మీద పెడతాను. మరి ఈ ఇల్లు విప్పేస్తే మీకు కష్టం కాదూ?”

“ఈ వయసులో మళ్లీ ఇల్లు కట్టిస్తావన్నమాట!” అన్నాడు విసుగ్గా. ఆ విసుగు మాటలోనే ఉంది, కళ్లు అప్పుడే స్తంభాలు లేపుతున్నాయి. కూతురు కాసేపు ఆలోచించింది. నీళ్లు కింద నుంచే పోతాయంటే పడవతో పని ఉండదు. “సరే. కానీ మెట్లకు రెండు వైపులా పట్టుకోడానికి కడ్డీలు ఉండాలి” అని ఒప్పుకుంది.

ముగ్గురూ హాలుకు చేరేసరికి బల్లలు సర్దేస్తుంటారని భయపడ్డారు. రేడియో ఉండగా భయమెందుకు? ఆఫీసరమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, దర్జీతో తన పెళ్లి ఎలా కుదిరిందో చెబుతోంది. ఆ అమ్మాయి లేవబోయిన ప్రతిసారీ కథ కొత్త మలుపు తిరుగుతోంది.

“అమ్మయ్య, వచ్చారా! ఇంకాసేపైతే మా మనవల దాకా వెళ్లేదాన్ని.”

మేస్త్రి భార్య చెక్క ఇల్లు రెండో బల్ల మీద, దర్జీ ఇంటికి సరిగ్గా ఎదురుగా పెట్టింది. ఆ బల్ల మీద అప్పటికే వీధిలో సగానికి పైగా ఇళ్లు చేరాయి. రేడియో నోటి పదును అంత పని చేసింది.

తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి వీధి మధ్యలో ఆగి జేబులోంచి టేపు తీశాడు.

“కొత్త వంటింటికి కిటికీ ఎంత వెడల్పు కావాలి? ఈసారి నోటితో చెప్పు.”

ఆవిడ చుట్టూ చూసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకుని, రెండు చేతులూ బార్లా చాపింది. మేస్త్రి ఈ కొస నుంచి ఆ కొసకు టేపు పట్టాడు.

“ఇంత చాలా?”

“చాలదు. ఇంకాస్త కావాలి” అంది.

మేస్త్రి నవ్వుకుంటూ టేపు మరికాస్త లాగాడు.