కొంగున కట్టిన నైరుతి గాలి

వేలాపురి రాజ్యంలో వాన పడి ఏళ్ళు గడిచాయి. బావుల్లో చేద రాతికి తగిలి ఖాళీగా పైకి వచ్చేది. పశువులకు డొక్కలు ఎండిపోయాయి. ఎండ ఎంతగా ముదిరిందంటే, పగటిపూట కోటగోడ మీద కాకి కూడా వాలేది కాదు. రాజు చంద్రకేతుడు మంత్రులను కసిరాడు. మంత్రులు జ్యోతిష్కులను కసిరారు. కసరడానికి ఎవరూ మిగలక జ్యోతిష్కులు గ్రహాలను తిట్టుకున్నారు. ఇంత గొడవలో తేలిన సంగతి ఒక్కటే. ఏటా నైరుతి మూలనుంచి వచ్చే సముద్రపు గాలిని ఎవరో ఎక్కడో బంధించారు. దాన్ని విడిపించినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

ఆ చాటింపు సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పుపల్లెకూ చేరింది. అక్కడ దాలయ్య అనే అతను ఉప్పుమడులు చేసుకుని బతికేవాడు. అతనికి నూకాలు అనే కూతురు, లచ్చన్న అనే కొడుకు. కొడుకు ఉన్నాడనాలా, ఉండేవాడనాలా అన్నది ఆ ఇంట్లో ఎవరూ తేల్చుకోలేదు. తెరచాప పడవలో ఉప్పు వేసుకుని దీవులకు వెళ్ళిన లచ్చన్న మళ్ళీ ఒడ్డెక్కలేదు.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. ఇంటి మనిషి సముద్రం మీద ఉండగా గాలి పెరిగితే, ఆడపిల్ల ఒడ్డున నిలబడి చిటికెడు ఉప్పు కొంగున ముడివేసి, నెమ్మదించమని గాలిని వేడుకుంటుంది. మనిషి తిరిగి రాగానే ముడి విప్పేస్తుంది. నూకాలు కొంగున ఆ ముడి ఇంకా అలాగే ఉంది. స్నానానికి వెళ్ళినా దాన్ని ఒంటినుంచి తీయలేదు; చీర మారిస్తే ముడి ఉన్న ఆ కొంగు ముక్కను చింపి కొత్త చీర కొంగుకు కుట్టుకునేది.

అర్ధరాజ్యం మాట నూకాలు చెవికెక్కలేదు. గాలి మాట ఎక్కింది.

"గాలి నేకపోతే అన్న తెరసాప ఎలా నిండుతాది అయ్యా? గాలొత్తే ఆడే వచ్చేత్తాడు. నానెల్తాను" అంది తండ్రితో.

దాలయ్య వద్దనలేదు. వద్దనడానికి అతనికీ మనసు రాలేదు. సొరకాయ బుర్రలో మిగిలిన మంచినీళ్ళు నింపి కూతురి చేతికిచ్చాడు.

ఎండిన అడవులు దాటి నూకాలు ఒక కొండ కనుమ చేరింది. దారికి అడ్డంగా కొండంత రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. పెదవులు పగిలి, నాలుక బయటపడి ఉంది.

"దాహం. తాగడానికి ఏమైనా పోయి. లేదా నిన్నే నమిలేస్తాను" అన్నాడు.

నూకాలు బుర్ర మొత్తం వాడి నోట్లో వంపేసింది. రాక్షసుడికి అది ఒక చుక్క. అయినా తనకంటూ ఏమీ దాచుకోని పిల్లను చూసి వాడికి సిగ్గేసింది.

"సముద్రంనుంచి వచ్చే మబ్బులు నన్ను ఎక్కలేక ఇక్కడే బరువు దించుకునేవి. నేను తాగగా మిగిలింది ఏరులై మీ వైపు పారేది. నా వీపు వెనక దేశానికి ఎప్పుడూ ఎండే. ఇప్పుడు నాకూ ఎండే. గాలిని కట్టినవాళ్ళెవరో తెలిస్తే నాకు చెప్పు. ఎముక కూడా మిగల్చను" అని, ఆమెను ఎత్తి కనుమ అవతల దించాడు.

ఎండల దేశం దాటేసరికి ఒక చిత్రం కనిపించింది. అక్కడ వాన ఆగడం లేదు. ఊళ్ళు ఇంటికప్పుల దాకా మునిగిపోయాయి. ఒక కప్పు మీద ఏనుగంత గూడబాతు తడుస్తూ కూర్చుని ఉంది.

"ఈ మబ్బుల్ని నెట్టే గాలి లేదు తల్లీ. మీకు రావలసిన వాన కూడా మా నెత్తినే పడుతోంది. నా గూడు మునిగింది. ఒక్క గుడ్డయినా దొరుకుతుందేమో చూస్తావా?" అంది.

నూకాలు సముద్రపు పిల్ల. మునిగి చెట్టుకొమ్మల్లో వెతికింది. మళ్ళీ మునిగింది. ఒకే ఒక గుడ్డు దొరికింది, అదీ చల్లబడిపోయి ఉంది. గూడబాతు దాన్ని రొమ్ము ఈకల్లో దాచుకుంది. తరవాత నూకాలును వీపున ఎక్కించుకుని మంచుకొండల మీద గాలితల్లి ఉండే గుహకు తీసుకుపోయింది.

గుహలో గాలితల్లి పడుకుని ఉంది. ఆమె తెల్లటి కొంగు కొసన పెద్ద ముడి బిగుసుకుని ఉంది.

"ఎవులమ్మా నిన్ను కట్టీసింది?" అని అడిగింది నూకాలు.

"ముందు నా పని విను. ఎండకు నేల కాగితే దానిమీది గాలి తేలికై పైకి పోతుంది. ఆ చోటు నింపడానికి నేను సముద్రపు తేమ మోసుకుంటూ వస్తాను. పైకి పోయిన గాలి దూరదేశాల్లో చల్లబడి దిగి, మళ్ళీ నా వెంట బయలుదేరుతుంది. గానుగెద్దులా తిరుగుతూనే ఉండాలి. ఒకచోట ఆపితే అన్నిచోట్లా ఆగినట్టే. ఇక నీ కొంగు చూసుకో."

నూకాలు చూసుకుంది. ఆ ముడీ ఈ ముడీ ఒకటే.

"మా పల్లెలో అందరూ ఏత్తారు కదమ్మా."

"వేస్తారు, విప్పేస్తారు. ఆ కాసేపూ నేను ఓర్చుకుంటాను. నువ్వు విప్పలేదు."

"అన్నొచ్చాక ఇప్పుదామని..." నూకాలు తన ముడిని తడుముకుంది. "నా ముడే ఆడ్ని రానీకుండా ఆపీసిందా?"

"లేదు. నువ్వు ముడి వేసే వేళకే పడవ మునిగింది. ఆ రోజు నేను విసురుగా ఉన్నాను. చివరిదాకా చుక్కాని వదల్లేదు మీ అన్న. నీ ముడి వాణ్ణి కాపాడలేదు, చంపనూ లేదు. వేసినచోటే విప్పు తల్లీ."

నూకాలు ఏడ్చింది. ఇన్నేళ్ళూ దాచుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చింది.

తిరుగుదారిలో గూడబాతు అడిగింది, ఎవరు కట్టారని. "నానే" అంది నూకాలు. గూడబాతు ఈకల్లోని గుడ్డును ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది, అంతే. కనుమలో రాక్షసుడూ అడిగాడు. నూకాలు నిజమే చెప్పి, తల వంచుకుని నిలబడింది. వాడు నోరు తెరిచాడు. ఖాళీ సొరకాయ బుర్ర ఇంకా ఆమె భుజానే వేలాడుతోంది. వాడు నోరు మూసి దారి వదిలాడు.

ఒడ్డున దాలయ్య ఎదురొచ్చాడు. కూతురు చెప్పిందంతా విని, ఆమె కొంగును గుప్పిట్లో పట్టేసుకున్నాడు.

"ఇప్పీకమ్మా. ఇప్పీసినావంటే ఆడింక రానట్టే కదా."

"రాడయ్యా. మనం ఇప్పకపోయినా ఆడు రాడు."

అతని వేళ్ళు మెల్లగా సడలాయి. ఇద్దరూ కలిసి ముడి విప్పారు. నల్లబడిన ఉప్పు ఇసకలో రాలింది. కాసేపు ఏమీ జరగలేదు. తరవాత నైరుతి మూలనుంచి చల్లని గాలి వీచి నూకాలు జుట్టు రేపింది. సముద్రం మీద మబ్బు లేచింది.

వాన మొదలైతే తాటాకులు పట్టుకుని ఉప్పుకుప్పలు కప్పడానికి పరుగెత్తడం ఆ పల్లెవాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ రోజు ఎవరూ పరుగెత్తలేదు. కుప్పలు కరిగిపోతుంటే, తడుస్తూ తండ్రీకూతుళ్ళ చుట్టూ నిలబడ్డారు.

రాజు అర్ధరాజ్యం ఇవ్వబోతే, తప్పు తనదేనని నూకాలు వద్దంది. రాజు ఆమెను తీరానికంతటికీ పెద్దను చేశాడు. ఆమె చేసిన కట్టడి ఒక్కటే: ముడి వేసిన పిల్లను ఒంటరిగా ఒడ్డున వదలకూడదు. ఆ రాజ్యంలో వానలు వేళకు పడ్డాయి, పంటలు పండాయి, నూకాలు చల్లగా ఏలింది. ఎవరి మనిషైనా తిరిగి రాకపోతే ఆ ఇంటికి తనే నడిచి వెళ్ళేది. పక్కన కూర్చుని, ఆ పిల్ల ఏడ్చినంతసేపూ ఉండి, "ఇద్దరం కలిసి ఇప్పుదాం రా" అని తన చెయ్యి కూడా వేసేది.