కెజియా రంగు జబ్బు కాదు

"రంగు కూడా మార్చేత్తారంటే, అమ్మాయ్! ఎలాగూ పిల్లకి ఆ వైద్యం చేయిత్తానంటున్నావు, పనిలో పని అదీ అడుగు!"

చాపలు పరుస్తున్న ప్రిస్కిల్లా చేతులు అలాగే ఆగిపోయాయి. వాళ్ళు బతకవచ్చిన అరబ్బు దేశంలో సెలవు శుక్రవారమే; ఆ రోజు ప్రార్థనకు ఖైతాన్‌లోని వాళ్ళ ఇరుకు ఫ్లాటులోకి అప్పుడే జనం వస్తున్నారు. వాళ్ళందరి ముందూ ఆ మాట అననే అంది అత్తగారు దీనమ్మ! సాల్మియాలో ఇంటిపని చేసే ఆవిడకు తాను 'మామా' అని పిలిచే యజమానురాలు ఏం చెబితే అదే వేదవాక్కు. పిల్లల జన్యువులు మార్చి తెల్లగా, పొడుగ్గా చేసే రోజులు వచ్చేశాయని ఆ మామా అందట. అంతే, పట్టుకొచ్చేసింది!

ప్రిస్కిల్లాకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! ఎనిమిదేళ్ళ కెజియాకు తలసేమియా. నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కిస్తే తప్ప ఆ చిన్న ప్రాణం నిలవదు. సూదికి నరం దొరక్క పిల్ల గిలగిల్లాడుతుంటే, తాను నర్సయి ఉండీ గోడవైపు తిరిగి కుమిలిపోయేది ఆ తల్లి... ఇన్నాళ్ళకు ఒక ఆస్పత్రివాళ్ళు దారి చూపించారు. పిల్ల మూలకణాలు తీసి, వాటిలోని జన్యువును సరిచేసి, మళ్ళీ ఎక్కిస్తారట. ప్రమాదం లేకపోలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆదివారంలోగా ఒప్పుకోవాలి. భర్త సుందరరాజేమో తల్లి మాట దాటడు. ఆ తల్లేమో, "దేవుడిచ్చిన రక్తాన్ని దిద్దడానికి మనమెవరం?" అంటూ అడ్డుపడుతూనే ఉంది. అలాంటిది రంగు అనేసరికి ఆ పాపభీతి కాస్తా ఎగిరిపోయింది!

తలుపు పక్కన నిలబడి వింటున్న కెజియా వచ్చి తల్లి చున్నీ పట్టుకుంది.

"అమ్మా... నా రంగు కూడా జబ్బేనా?"

ప్రిస్కిల్లా గుండె చెరువైపోయింది. పిల్లను పొదువుకుంది.

పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. మేలు పొందినవాళ్ళు లేచి చెప్పడం ఆనవాయితీ. ప్రిస్కిల్లా ఏ మేలూ పొందకుండానే లేచింది!

"నా బిడ్డ రక్తం బాగు చేయిస్తానండీ! పాపమని ఎవరన్నా సరే, చేయిస్తాను! కానీ దాని రంగు జోలికొస్తే మాత్రం ఊరుకోను. జబ్బేమో దేవుడిచ్చాడు, ముట్టుకోకూడదు! మరి రంగు దేవుడు పొరపాటున ఇచ్చాడా అత్తయ్యా? చెప్పండి!"

"కూర్చోవే... అందరూ చూస్తున్నారు," సుందరరాజు గొణిగాడు.

"చూడనివ్వండి! దీనికి అచ్చం మీ అమ్మ రంగే, మీ అమ్మ మొహమే వచ్చింది. ఏవండీ, మీ అమ్మ మొహం మార్చేయాలని మీకెప్పుడైనా అనిపించిందా?"

సుందరరాజు తల్లివైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదమ్మా... ఎప్పుడూ లేదు! రక్తం సంగతి కూడా నేనే ఒప్పుకుంటున్నాను. నువ్వు వద్దన్నా సరే!"

దీనమ్మ భోరుమంది. "నల్లదాన్నని నా పెళ్ళి ఫొటోలో నన్నే ఎనక్కి నిలబెట్టార్రా... నా మనవరాలికి ఆ గతి పట్టకూడదనే కదరా నా ఏడుపు!"

కెజియా మెల్లగా వెళ్ళి, "ఏడవకు నానమ్మా," అంటూ ఆవిడ బుగ్గలు తుడిచింది. దీనమ్మ ఆ చిన్న ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, తనను తానే చూసుకున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత ముక్కు చీది, కొడుకువైపు తిరిగింది.

"రేపే ఎల్లి ఒప్పుకుని రండి. రక్తం బాగు చెయ్యమనండి. మొహం ముట్టుకున్నారో, ఆ డాక్టర్నీ, మా మామానీ కలిపి కడిగేత్తాను! ఇది నా మొహం!"