మోత పోయిందా?

పొద్దున్నే మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది కరీమున్. ఇంతలో గుమ్మం ముందు ఆటో ఆగింది. హెలెన్ టీచరు చర్చి ఆంప్లిఫయరు దింపించడం చూసి "మళ్ళీనా!" అనుకుంది కరీమున్. ఆ పాతపెట్టె రిపేరయ్యాక తిరిగి రావడం ఇది మూడోసారి మరి!

"ఏమనుకోకండి పీరు గారూ!" గట్టిగా చెప్పింది టీచరు. "నిన్న ప్రార్థన మధ్యలో మళ్ళీ గుయ్‌మని ఒకటే మోత. ఈసారీ బాగవకపోతే కొత్తది కొనేద్దామంటున్నారు కమిటీవాళ్ళు."

కరీమున్ భర్త పీరుకి ఏడాదిగా చెవులు మందగించాయి. ముప్పై ఏళ్ళుగా చిలకలూరిపేటలో ఏ రేడియో మొరాయించినా బాగుచేసిన మనిషి. టీచరు వెళ్ళగానే సోల్డరింగ్ ఐరన్‌తో సహా పనిముట్లన్నీ సంచిలో పడేశాడు.

"అదేంటండీ?"

"పాత ఇనప సామాన్లోడొస్తే ఇచ్చెయ్. నా చెయ్యి పోయింది కరీమూ. మూడుసార్లు విప్పినా మోత ఆపలేనోణ్ణి, ఇంకెందుకు నేను?"

ఆయన చేతికేం కాలేదు, పాపం! రిపేరు చేసిన ప్రతిసారీ "మోత పోయిందా?" అని లోపల్నుంచి కేకేశాడు. ప్రతిసారీ ఈ మహాతల్లి తొడిమల మీంచి తలెత్తకుండా "ఆఁ, పోయింది" అనేసింది. చెవి పెట్టి వింటేగా!

"తప్పు నాదండీ!" వీధంతా వినబడేలా అరిచింది. "నేను వినలేదు. పని తొందరలో పోయిందని చెప్పేశా. మీరు నా చెవుల్ని నమ్ముకుంటే నేనిట్టా చేశా."

పీరు సంచి కింద పెట్టాడు. "మూడుసార్లా? నా చేతుల్ని నేనే తిట్టుకుంటన్నా గదే!"

ఆ మాటకి ఆమె భోరుమంది. ఏడుస్తూ ఏడుస్తూ మిరపకాయల చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"యా అల్లా!"

పీరు కోపం ఎటు పోయిందో, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె కళ్ళు కడిగాడు. "ఆ చేత్తో తుడుచుకుంటారటే, పిచ్చిదానా! ఏదీ, కళ్ళు తెరువు."

తర్వాత సంచి విప్పి, పెట్టెలో పాత కండెన్సరు ఒకటి మార్చి, స్పీకరు తగిలించి స్విచ్చి వేశాడు. "పోయిందా?"

కరీమున్ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి స్పీకరుకి చెవి ఆనించింది. సన్నగా ఇంకా గుయ్‌మంటోంది. పోయిందంటే ఆయన ఎంత సంతోషిస్తాడో!

"పోలేదండీ."

పీరు మొహం విప్పారింది. "అయితే ఇంకోటి పాడైందన్నమాట. ఇక్కడే కూర్చో, కదలబాక."

రెండోది కూడా మార్చాడు. "ఇప్పుడు పోయిందా?"

"ఉండండి," అంది చెవి తియ్యకుండానే. "విననివ్వండి."