తలచుకుంటే చెడే తాళం

2091 నాటికి విశాఖపట్నంలో ఫోన్‌లో మాట్లాడేవాళ్లు లేరు. అందరి చెవి వెనకా చర్మం కింద బియ్యపుగింజంత వైర్‌లెస్ అడాప్టర్ ఉంటుంది. దాని పేరు మనోగ్రాహి. ఒకరి మనసులోని మాటను అది నేరుగా ఇంకొకరి మనసుకు చేరుస్తుంది. గాలిలో పోయే ఆ మాట దారినపోయే దానయ్యల చెవిన పడకూడదు కాబట్టి, ప్రతి ఇద్దరి మధ్యా ఒక గూఢలిపి కీ అమర్చుకోవాలి.

ఆ కీని కనిపెట్టింది డాక్టర్ హన్విక. అందులో అంకెలూ అక్షరాలూ ఉండవు. అడాప్టర్ పెట్టించుకున్న రోజున ఇద్దరూ తాము కలిసి గడిపిన ఒక క్షణాన్ని తలచుకుంటారు. అప్పుడు మెదడులో పుట్టే విద్యుత్ తరంగాల అల్లికే కీ. రోజువారీ మాటలకు అడాప్టరే దాన్ని వాడుకుంటుంది. మనిషి పోతే మాత్రం, దాచి ఉంచిన ఆఖరి సందేశం వినడానికి మిగిలినవారు ఆ క్షణాన్ని మళ్లీ తలచుకోవాలి. బంగారమైతే దొంగ ఎత్తుకుపోతాడు గానీ జ్ఞాపకాన్ని ఎలా ఎత్తుకుపోతాడని హన్విక సభల్లో నవ్వుతూ అడిగేది.

ఇప్పుడు ఆమె నవ్వడం మానేసింది. భర్త నిహాంత్ నిరుడు ఓడ ప్రమాదంలో పోయాడు. అతని ఆఖరి మాట ఆమె అడాప్టర్‌లోనే ఉంది, తెరుచుకోవడం లేదు. ఇంకొక్కసారి కీ తప్పితే చెరిగిపోతుంది. ఆ నిబంధన పెట్టింది కూడా తనే.

ప్రయోగశాలలో తోటి శాస్త్రవేత్త బషీర్ ఏం తలచుకుంటున్నారని అడిగాడు. భీమిలి బీచ్‌లో వానలో తడుస్తూ, ఇద్దరూ ఒకే పొట్లంలో మరమరాల మురీ మిక్చర్ తిన్న సాయంత్రమని ఆమె చెప్పింది.

బషీర్ ఆశ్చర్యంగా చూశాడు. "నేనూ ఉన్నాను కదండీ ఆ రోజు. వానెక్కడిది మేడమ్? మండే ఎండ."

హన్విక నమ్మలేదు. ఆ వాన చల్లదనం ఆమెకు ఒంటి మీద ఇంకా తెలుస్తోంది. లోపం అడాప్టర్‌దే అనుకుని, పరీక్ష కోసం అందులోని రెండో కీని ప్రయత్నించింది. అది అక్క లాస్యది. తల్లి లేని హన్వికను పెంచి పెద్దచేసిన అక్క పోయి నాలుగేళ్లయింది. పనుల ఒత్తిడిలో ఆమె సందేశం ఇప్పటిదాకా తెరవనేలేదు.

చిన్నప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో అక్క తనకు జడ వేస్తున్న ఉదయాన్ని తలచుకుంది. తాళం వెంటనే తెరుచుకుంది.

"అడాప్టర్‌లో లోపం లేదు డాక్టర్," అంది అడాప్టర్లను పరీక్షించే ప్రయోగశాల యంత్రం. "తలచుకున్న ప్రతిసారీ మెదడు జ్ఞాపకాన్ని కొత్తగా రాసుకుంటుంది. బీచ్ జ్ఞాపకాన్ని మీరు వేలసార్లు తలచుకున్నారు. ఈ రెండోది మాత్రం పెట్టినది పెట్టినట్టే ఉంది."

అంటే అక్కను ఒక్కసారైనా తలచుకోలేదన్నమాట. హన్వికకు సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంతలో అక్క గొంతు వినిపించింది.

"హనూ, నీకు పనులుంటాయిలేవే. టైముకి తిను. నాకేటీ బాధ లేదు."

మాట అయిపోయింది. యంత్రం ఇంకొకటి చెప్పింది. ఈ సందేశం మళ్లీ వినాలంటే, అప్పటిదాకా ఆ ఉదయాన్ని తలచుకోకుండా ఉండాలట. తలచుకునే కొద్దీ ఈ కీ కూడా మారిపోతుందట.

హన్విక వినిపించుకోలేదు. అప్పటికే ఆమె కళ్లు మూసుకుని, అక్క ఒళ్లో కూర్చుని జడ వేయించుకుంటోంది.