అగ్గిపెట్టె అట్టంత సందు

కోవిల్‌పట్టిలో తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. గడప దాటి చెప్పులు వేసుకుంటే తమిళమే. అందువల్ల ఆ ఊరి తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఎదుటి మనిషి గురించి ఎదుటి మనిషి ముందే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. సెందిల్‌కుమార్ చిన్నప్పటినుంచీ దాన్ని ధారాళంగా వాడుకుంటూ వచ్చాడు. 1999 జూన్‌లో ఒక సోమవారం పొద్దున అతనికి తగిన శాస్తి జరిగింది.

అతను పనిచేసేది ఎట్టయాపురం రోడ్డులో ఒక ట్రస్టు నడిపే వడ్రంగం బడిలో. బీరువాలు, సొరుగుల పెట్టెలు చేయడం నేర్పే కోర్సు అది, అదీ విదేశాల పిల్లల కోసమే పెట్టింది. శ్రీలంక, టాంజానియా, మారిషస్ అంటూ ఎక్కడెక్కడినుంచో వచ్చి, హాస్టల్ సాంబారుకు అలవాటు పడి, కోర్సు కాగానే సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇంత దూరం వచ్చి కోవిల్‌పట్టిలో కొయ్యపని నేర్చుకోవడమేమిటని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు ఉండేవారు. పెద్ద మాస్టరు చెల్లసామి చేసిన బీరువా ఒకటి చూస్తే మళ్ళీ నవ్వేవాళ్ళు కారు. సెందిల్ ఆయన దగ్గరే నేర్చుకుని ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరాడు.

ఆ సోమవారం కొత్త బ్యాచి వచ్చింది. వరస చివర ఒక అమ్మాయి నిలబడి ఉంది. మలేషియా నుంచి, పేరు దేవిప్రియ. తెల్లటి కాన్వాస్ బూట్లు, అప్పుడే ఇస్త్రీ పెట్టె కిందినుంచి వచ్చినట్టున్న చొక్కా. సెందిల్ స్టోర్ రూము కిటికీలో ఉన్న పాల్‌పాండి వైపు తిరిగాడు. పాల్‌పాండి పనిముట్లు ఇచ్చేవాడు, వాడూ తెలుగువాడే. సెందిల్ ముఖం ఏమీ ఎరగనట్టు పెట్టుకుని తెలుగులో అన్నాడు.

"ఆ పిల్ల చేతులు చూస్తివా? ఉలి పట్టే చేతులా అవి? వారం దాటదు. ఏడ్చుకుంటా బస్సెక్కుతాది చూడు."

పాల్‌పాండి నవ్వబోయి ఆగిపోయాడు. ఆ పిల్ల కిటికీ దగ్గరికే వచ్చి నిలబడింది.

"బస్సెక్కితే మా ఊరు రాదు, విమానం ఎక్కల్ల. అయినా వారం ఉండి చూస్తాను. ఉలి యాడుండాది?"

పుస్తకాల తెలుగు కాదు అది. సెందిల్ వాళ్ళ అవ్వ మాట్లాడిన తెలుగు. ఆమె తాత ఎట్టయాపురం పక్క పల్లెనుంచి రబ్బరు తోటల్లో పనికి పోయినవాడట. మూడు తరాలుగా వాళ్ళు ఆ మాటను ఊరగాయలాగా జాడీలో దాచుకున్నారు. ఆ సంగతి సెందిల్‌కు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను ఉలి తెచ్చి ఇచ్చి, మధ్యాహ్నం దాకా ఏ భాషలోనూ మాట్లాడలేదు. ఆ లోపల పాల్‌పాండి హాస్టల్ వంటమనిషితో సహా అందరికీ ఈ కథ చెప్పేశాడు.

చెల్లసామి మొదటి పాఠం ఎప్పుడూ ఒక ప్రశ్నతోనే మొదలవుతుంది. ఈ పెట్టె ఏ ఊళ్ళో ఉండబోతోంది? చెట్టును కొట్టేసినా కొయ్య నీళ్ళు తాగడం మానదంటాడాయన. గాలిలో తడి ఉంటే తాగి ఉబ్బుతుంది, ఎండ కాస్తే చిక్కిపోతుంది. కోవిల్‌పట్టి కరువు సీమ. ఇక్కడి సొరుగు సందు లేకుండా నిండుగా కూర్చోవాలి. ఎంత నిండుగా అంటే, కింది సొరుగు నెడితే లోపలి గాలి తోపుకు పై సొరుగు తనంతట తాను ముందుకు రావాలి. అదే సొరుగు రోజూ వాన పడే ఊరికి పోతే ఉబ్బి ఇరుక్కుంటుంది. లాగినవాడి చేతిలోకి పిడి ఒక్కటే వస్తుంది. అలాంటి ఊరికి పోయేదానికి చుట్టూ కాస్త సందు వదలాలి.

ఆ సందు కొలవడానికి ఆయన వాడేది అగ్గిపెట్టె అట్ట. ఆ ఊళ్ళో దానికేమీ కరువు లేదు. సెందిల్ తల్లి గురువమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనే పని చేసేది, పనికిరాని అట్టముక్కలు ఆమే బడికి పంపేది. మలేషియాకు పోయే సొరుగు పక్కన ఆ అట్ట సులువుగా దూరాలి. కోవిల్‌పట్టి సొరుగు పక్కన దూరకూడదు. చివరి పరీక్ష ఇంతే. ఎవరి ఊరికి తగ్గట్టు వాళ్ళు చెయ్యాలి, తప్పినవాళ్ళు ఇంకో ఆరు నెలలు అక్కడే ఉండి మళ్ళీ చెయ్యాలి.

వారం గడిచింది. దేవిప్రియ అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని చిత్రిక పట్టింది గాని బస్సెక్కలేదు. తర్వాతి సోమవారం పొద్దున బల్ల దగ్గరికి వస్తూనే తెలుగులో అడిగింది.

"బస్సు వచ్చిందా?"

"ఇంకా లేదు," అన్నాడు సెందిల్, తల ఎత్తకుండా.

అది అలవాటైపోయింది. ప్రతి సోమవారం ఆమె అడిగేది, అతను లేదనేవాడు. టైరు పంచరు అనేవాడు, సాత్తూరులో ఆగిపోయిందంట అనేవాడు. తక్కినవాళ్ళ ముందు తమిళంలో సెందిల్ సార్ అని మర్యాదగా పిలిచేది. తెలుగులో అసలు పేరే పెట్టి పిలిచేది కాదు, ఇంద చూడు అనేది. కోపం వస్తే మాత్రం తెలుగులోనూ సార్ అనేది. ఆ సార్ వినబడితే పాల్‌పాండి కిటికీ మూసుకునేవాడు.

ఒక ఆదివారం దేవిప్రియ అట్టముక్కలు ఇచ్చే ఆమెను చూడాలని వాళ్ళింటికి వచ్చింది. గురువమ్మాళ్ ఇంటిపేరు అడిగింది, ఏ పల్లె అని అడిగింది, రెండింటికీ నచ్చిన జవాబులే వచ్చాయి కాబట్టి ఇంకో దోసె వేసింది. ఆ పిల్ల వెళ్ళాక కొడుకు వైపు కాసేపు చూసి, ఏరా, అడగరాదా అంది. ఏమని అడిగేదన్నాడు సెందిల్. వాళ్ళ నాయినకు మలేషియాలోని ఈపోలో పెద్ద ఫర్నిచర్ అంగడి ఉంది, అది చూసుకోవడానికే ఈ కోర్సుకు పంపించాడు. ఇక్కడ ఆమెకు ఏముందని?

"నువ్వు ఉండావు దానే," అంది గురువమ్మాళ్, దోసె తిప్పుతూ. ఆ ఊరి తెలుగులో కదా అనడానికి దానే అంటారు.

తల్లులు అలాగే అంటారులే అని సెందిల్ ఆ మాటను పక్కన పెట్టేశాడు. నవంబరు దాకా అతను ఏమీ అడగకుండా మర్యాదస్తుడిగానే ఉన్నాడు.

నవంబరులో చివరి పరీక్షకు కావలసిన టేకు పలకలు తేవడానికి చెల్లసామి వాళ్ళిద్దరినీ విరుదునగర్ పంపాడు. కొయ్య డిపోలో దేవిప్రియ ఒక్కో పలకనూ వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని ఏరింది. మధ్యాహ్నం నూనె పరోటా తిన్నారు. ఆమె తిన్నన్ని అతను తినలేకపోయాడు. బయటికి వస్తే ఆకాశం నల్లగా దిగివచ్చి ఉంది. డిపో చేరేసరికి వాన పట్టుకుంది. ఏరిన పలకలు తడవకుండా టార్పాలిన్ ఒక కొస ఆమె, ఒక కొస అతను పట్టుకుని రేకుల కింద నిలబడ్డారు. చేతులు ఖాళీ లేక ముఖం మీది నీళ్ళు తుడుచుకోవడానికి ఇద్దరికీ వీల్లేదు. ఒకరినొకరు చూడకుండా ఉండటానికీ వీల్లేదు.

"ఈడ వాన చుట్టం మాదిరి వస్తాది," అంది ఆమె. "మా ఊర్లో ఇంటిమనిషి. దినామూ వస్తాది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఈ కొయ్య యే ఊరికి పోతాదని అనుకుంటుండావు?"

సెందిల్ అనాలనుకున్న మాట వేరు. నోట్లోంచి వచ్చింది మాత్రం మాస్టరు మాట.

"మీ ఊరికి దానే."

"అవును సార్," అంది దేవిప్రియ.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సాత్తూరులో దోసకాయలు కొంది. ఉప్పూ కారమూ చల్లిన ముక్కలు తను ఉంచుకుని, ఏమీ చల్లనివి అతని చేతిలో పెట్టింది. అతను తప్పేమిటో తెలియకుండానే తిన్నాడు.

ఆ తర్వాత సోమవారాలు ఆమె బస్సు గురించి అడగడం మానేసింది. పొంగల్ పండుగ పోయింది, ఎండలు వచ్చాయి. దేవిప్రియ రెండు సొరుగుల పెట్టె ఒకటి మొదలుపెట్టింది. మూలలు పళ్ళలో పళ్ళు దిగినట్టు కుదిరాయి. చెల్లసామి దాని పక్కనుంచి పోతూ ఒకసారి వేలితో తడిమాడు. ఆయన లెక్కలో అది పెద్ద మెచ్చుకోలు.

పరీక్షకు ముందు వారం ఆమె నీళ్ళకోసం వెళ్ళినప్పుడు సెందిల్ ఊరికే అగ్గిపెట్టె అట్ట తీసి సొరుగు పక్కన పెట్టి చూశాడు. దూరలేదు. ఎక్కడా దూరలేదు. ఈ పెట్టె ఇలాగే పరీక్షకు పోతే ఆమె తప్పుతుంది. తప్పితే ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉంటుంది. అతను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే.

ఆరు నెలలు. ఆ మాట లోపల తీపిగా తిరిగింది. అడిగే ధైర్యం తనకు అప్పటికైనా వస్తుందేమో. మర్నాడు సాయంత్రం దాకా నోరు మూసుకునే ఉన్నాడు. తర్వాత ఆమె అరచేతులు కనబడ్డాయి. బొబ్బలు పోయి కాయలు కాసి ఉన్నాయి. ఇంత కష్టపడిన పిల్లను తన ఆశ కోసం తప్పించడం ఏం మగతనం అనుకుని, తన మీద తనకే రోత పుట్టి దగ్గరికి వెళ్ళాడు.

"అట్ట పోలేదు దేవీ. ఇంకా చిత్రిక పట్టల్ల."

"యేమిటికి?"

"మీ ఊర్లో ఎప్పుడూ వాన దానే. ఆడికి పోతే ఇరుక్కుంటాది."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. ఏదో వినబడుతుందని ఎదురుచూసినట్టు చూసింది. వినబడలేదు.

"సరే సార్," అంది.

చిత్రిక పట్టిందో లేదో చూడటానికి అతను మళ్ళీ ఆ పక్కకు పోలేదు. బాగా చేసి ఉంటే ఆమె వెళ్ళిపోతుంది. అది చూడటం అతనివల్ల కాలేదు.

పరీక్ష ఏప్రిల్‌లో పెట్టారు. ముందురోజు ఈపో నుంచి దేవిప్రియ తండ్రి దామోదరసామి దిగాడు. భారీ మనిషి, మాట తక్కువ. ఇద్దరికీ తిరుగు టికెట్లు జేబులోనే ఉన్నాయని పాల్‌పాండి ఆరా తీసి చెప్పాడు. మలేషియా నుంచి వచ్చిన పెద్దమనిషి కదా అని ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. వరసగా అన్ని పెట్టెల మూలలూ తడుముతూ తిరిగాడు.

చెల్లసామి ఒక్కొక్కరి సొరుగు పక్కన అట్ట పెట్టి చూస్తూ వచ్చాడు. టాంజానియా అబ్బాయి పాసయ్యాడు. శ్రీలంక అబ్బాయిలు పాసయ్యారు. దేవిప్రియ పెట్టె దగ్గర అట్ట వంగిపోయింది. ఆయన ఇంకోవైపు పెట్టాడు. అక్కడా వంగింది. సెందిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. చెప్పాను కదా, ఎందుకు పట్టలేదు ఈ పిల్ల?

చెల్లసామి నిట్టూర్చాడు. ఇంత మంచి పని చేసి మొదటి పాఠం మరిచిపోయావే అని తమిళంలో అన్నాడు. ఇది మీ ఊళ్ళో తెరుచుకోదు. మార్కుల కాగితం మీద పెన్ను పెట్టబోయి, ఎందుకో ఆగి, మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాడు. ఈ పెట్టె ఏ ఊళ్ళో ఉండబోతోంది?

ఆ బడిలో మాస్టరుకు ఆమె ఎప్పుడూ తమిళంలోనే జవాబు చెప్పింది. ఈసారి తెలుగులో చెప్పింది, అదీ మాస్టరును చూస్తూ కాదు.

"దీన్ని మా ఊరికి యెవురు పంపిస్తుండారు? నేను ఈడనే ఉండాలనుకుంటుండాను. యెవురూ అడగలేదు, అందుకని పెట్టెతో చెప్పినాను."

కిటికీలో పాల్‌పాండి చేతిలోంచి సుత్తి కింద పడింది. చెల్లసామికి తెలుగు రాదు. ఆయన అసిస్టెంటు వైపు తిరిగి, ఏమంటుందయ్యా అని అడిగాడు.

పదినెలల కింద ఇదే హాల్లో, ఇదే భాషలో, ఎవరికీ అర్థం కాదనే ధైర్యంతో నోరు జారినవాడు ఇప్పుడు అందరి ముందూ దాన్ని తమిళంలో చెప్పాలి. ఆమె తండ్రి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకు రెండు భాషలూ వచ్చు.

"ఈ పెట్టె..." అన్నాడు సెందిల్. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈ పెట్టె కోవిల్‌పట్టిలోనే ఉంటుందంట సార్."

చెల్లసామి పెట్టెను చూశాడు, పిల్లను చూశాడు, అసిస్టెంటు ముఖం చూశాడు. ఆ మూడో చూపుతో ఆయనకు అంతా తెలిసిపోయింది.

"అట్లయితే పాస్," అన్నాడు. "సందు లేకుండా బ్రహ్మాండంగా ఉంది."

దామోదరసామి ముందుకు వచ్చాడు. ఆయన వంగి కింది సొరుగును మెల్లగా లోపలికి నెట్టాడు. పై సొరుగు తనంతట తాను, తొందరపడకుండా, ముందుకు వచ్చింది. దాన్ని నెట్టాడు, కిందిది వచ్చింది. ఆయన మళ్ళీ మళ్ళీ నెట్టి చూశాడు. అంగడిలో ఎన్నో పెట్టెలు అమ్మినవాడు, ఇలాంటిది తన కూతురి చేతిలోనుంచి వస్తుందని అనుకోలేదేమో, కళ్ళు తడి చేసుకున్నాడు.

"ఆడికి వస్తే ఇది తెరవదు. తెలుసు దానే?" అన్నాడు కూతురితో.

"తెలుసు నాయినా."

"అంగడి?"

"ఈడ చేసి అంగడికి పంపిస్తాము. సందు వదిలే పంపిస్తాము."

పంపిస్తాము అన్నది ఆయన గమనించాడు. సెందిల్ కూడా గమనించాడు. దామోదరసామి నడుము నిలబెట్టి అతనివైపు తిరిగాడు.

"ఇంత బాగా కుదిరినదాన్ని చెక్కి వదులు చెయ్యమని నేను ఎట్ల చెప్పేది?" అన్నాడు. "మీ యమ్మ ఇంట్లో ఉండాదా అబ్బాయి? పోయి మాట్లాడల్ల."

గురువమ్మాళ్ ఫ్యాక్టరీలో ఉంది. పాల్‌పాండి అప్పటికే సైకిలెక్కి ఆమెను పిలుచుకురావడానికి పోయాడు.

హాల్లో చప్పట్లు, చేతులు కలపడాలు అయ్యాక అందరూ టీకి వెళ్ళారు. పెట్టె దగ్గర వాళ్ళిద్దరే మిగిలారు. సెందిల్ చెప్పాల్సిందంతా నవంబరులోనే చెప్పి ఉండాల్సింది.

"నాకు నువ్వంటే ప్రాణం," అన్నాడు చివరికి. "అడగడానికి బయపడితిని."

"తెలుసు. దానికే దోసకాయలకు కారం వెయ్యలేదు." ఆమె సొరుగు మీది పొట్టు ఊదింది. తర్వాత, ఆ రోజు సోమవారం కాకపోయినా, అడిగింది.

"బస్సు వచ్చిందా?"

"లేదు," అన్నాడు సెందిల్. "ఇంక రాదు."