నేలజాడ

కుజగ్రహం మీద పొంగిన పిండి ఓ పట్టాన అణగదు. గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి లోపలి బుడగలు పైకి తేలడానికి తొందరపడవు, ఉన్నచోటే బలిసి కూర్చుంటాయి. అందుకని హెల్లాస్ నగరంలో అట్లపిండి గిన్నెలో సగానికే పోయాలి. కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు విద్యార్థికీ భీమశంకరం చెప్పే మొదటి పాఠం ఇదే. రెండో పాఠం నాడీ ఇంజనీరింగు.

ఆయన అక్కడి విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర ఆచార్యుడు. ముప్ఫై ఏళ్ళ కిందట రాజమండ్రి నుంచి చదువుకోవడానికి వచ్చి స్థిరపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. క్లాసులో ఇంగ్లీషులో గడగడా చెప్పేసిన పాఠాన్నే శనివారం పొద్దున తన వంటింట్లో, పెనం ముందు నిలబడి, తెలుగులో తీరిగ్గా విప్పి చెప్పేవాడు. పిల్లలు నేలమీద చతికిలబడి అల్లప్పచ్చడితో అట్లు తింటూ వినేవాళ్ళు. క్లాసులో కొరుకుడు పడనిది అక్కడ ఇట్టే దిగిపోయేది.

ఆ నగరం ఆయన్ని ఎరిగింది మాత్రం ఈ అట్ల వల్ల కాదు, నేలజాడ యంత్రం వల్ల. అధికారులు దాన్ని లోకస్ స్కానర్ అంటారు.

అది రాకముందు పట్టభద్ర వీసా కావాలంటే కుజుడి నేలమీద ఇన్ని రోజులు ఉండి చదివానని లెక్క చూపించాల్సి వచ్చేది. దాన్నే స్థానిక చదువు అనేవారు. పట్టభద్ర వీసా వస్తేనే ఉద్యోగం, ఆ ఉద్యోగం మీదే నైపుణ్య వీసా, ఆ తరవాతే స్థిరనివాసం. తండ్రి పోయాడని భూమికి వెళ్ళొచ్చిన కుర్రాడొకడు రోజులు చాలక వెనక్కి వెళ్ళిపోయాడు. ఇక్కడి గదిలో పడుకుని భూమి నుంచి పాఠాలు తెప్పించుకున్నవాడు మాత్రం నెగ్గేశాడు. భీమశంకరానికి ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండితే కొందరు తిడతారు, ఆయన యంత్రాలు చేస్తాడు.

మెదడు ఏ విషయాన్నీ విడిగా దాచుకోదు. ఎక్కడ నేర్చుకుందో ఆ చోటును కూడా దానికి ముడివేసి దాచుకుంటుంది. యంత్రం ముందుగా మనిషికి తన పుట్టినూరి బొమ్మలు చూపించి, మెదడులో ఏ అల్లిక వెలుగుతుందో పట్టుకుంటుంది. తరవాత హెల్లాస్ వీధులు చూపించి ఆ అల్లికనూ పట్టుకుంటుంది. ఆ పైన చదువు మీద ప్రశ్నలు వేస్తుంది. జవాబుతోపాటు హెల్లాస్ అల్లిక వెలిగితే ఆ చదువు స్థానికం, పుట్టినూరిది వెలిగితే కాదు. ప్రయోగశాలల్లో చదివే పిల్లల మీద పరీక్షించి చూస్తే ఎక్కడా తప్పలేదు. రోజుల లెక్క పోయింది, యంత్రం చట్టమైంది.

ఆ రోజు కెజియా యంత్రంలో కూర్చుంది. చీరాల పిల్ల, ఆయన శిష్యుల్లోకెల్లా చురుకైనది. గనుల్లో చేతులు పోయినవాళ్ళకి నాడులతో కలిపి కృత్రిమ హస్తాలు అమర్చే ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. ఆమె అమర్చిన చేత్తో ఓ గని కార్మికుడు కూతురి జడ అల్లాడని తెలిసి, వారమంతా కనిపించిన వాళ్ళందరికీ అదే చెప్పింది. చదువు పూర్తయింది, ఇక ఈ ఒక్క వీసా చేతిలో పడితే చాలు. తప్పితే భూమికి ఓడ ఎక్కడమే, మళ్ళీ దరఖాస్తు ఉండదు.

యంత్రం అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆమె తడుముకోకుండా జవాబులు చెప్పింది. చివర్లో యంత్రం ప్రశాంతంగా అంది: "జవాబులన్నీ సరైనవి. స్థానిక చదువు చాలదు. వీసాకు అర్హత లేదు."

కెజియా బయటికొచ్చి భీమశంకరం ముందు నిలబడింది. "ఏంది మాస్టారూ ఇది? వచ్చిన కాడ్నించి ఈ ఊరు దాటి అడుగు బయట పెట్టలేదు నేను. అమ్మకి ఒంట్లో బాలేదన్నా పోలేదే. ఇక్కడ కాకపోతే ఇంకేడ చదివినట్టు?"

"ఎక్కడో పొరపాటు జరిగుంటుందమ్మా. నే చూస్తానుగా, నువ్వు కంగారుపడకు," అన్నాడాయన.

ఆమె మెదడు చిత్రాల్ని తెరమీద ఒక్కొక్కటే వేసుకుని చూశాడు. నాడి కొసను తీగకు ఎలా అతకాలి అన్న ప్రశ్నకి చీరాల అల్లిక భగ్గున వెలిగింది. దాని అంచున వాసనకు సంబంధించిన భాగం కూడా వెలిగింది. ఆ పాఠం ఎప్పుడు చెప్పాడో ఆయనకి గుర్తొచ్చింది. అట్టు అంచు అట్లకాడతో లేపి చూపిస్తూ, "ఇదుగో, ఇలా అంచునుంచి రావాలి, మధ్యలో పొడవకూడదు," అన్నాడు. అందరూ నవ్వారు. కాల్చిన అట్టు, అల్లప్పచ్చడి, తెలుగు మాట, పక్కన తనవాళ్ళు. ఆ పిల్ల మెదడు ఇంకెక్కడ ఉన్నాననుకుంటుంది?

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. యంత్రమూ తనదే, పెనమూ తనదే.

వీసా అధికారి రోసాలిన్ చెడ్డ మనిషి కాదు. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. "కానీ ప్రొఫెసర్, యంత్రానికి మినహాయింపు ఉండకూడదని చట్టం రాసేటప్పుడు పట్టుబట్టింది మీరే కదా," అంది.

అవును, ఆయనే. సిఫార్సులకు చోటుండకూడదని బల్ల గుద్ది మరీ రాయించాడు.

"అయితే నన్ను కూర్చోబెట్టండి," అన్నాడు. "నేనూ బయటినుంచి వచ్చినవాణ్ణే. ఇన్నేళ్ళుగా మీ పిల్లలకి చదువు చెబుతున్నాను. నన్ను కూడా అది కాదంటుంది చూడండి. అప్పుడైనా నమ్ముతారా, అది తప్పని?"

రోసాలిన్ ఒప్పుకుంది. కెజియా గోడకానుకుని చూస్తోంది. ఆశపడొద్దని తనకి తాను చెప్పుకుంటూనే ఆశపడుతోంది.

యంత్రం ఆయనకి గోదావరి చూపించింది, హెల్లాస్ చూపించింది, ప్రశ్నలు వేసింది. ఆయన కావాలని ప్రతి జవాబునూ మనసులో తెలుగులోనే అనుకున్నాడు.

"స్థానిక చదువు సంపూర్ణం," అంది యంత్రం. "ఇంతవరకు నమోదైన వాటిలో ఇదే అత్యధికం."

రోసాలిన్ మొహం విప్పారింది. "చూశారా! బయటినుంచి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడివాళ్ళు కాగలరు. మీ యంత్రం సరిగ్గానే ఉంది."

భీమశంకరం తెరమీద తన చిత్రాలనే చూస్తున్నాడు. ప్రతి జవాబు వెనకా వెలిగింది ఒకే చోటు. తను వచ్చిన కొత్తలో ఉన్న గది. కిటికీ లేదు. అప్పట్లో ఈ నగరంలో తెలుగు మాట వినపడేది కాదు. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ప్యాకెట్లో తిండి గోడవైపు తిరిగి తింటూ చదివాడు. ఏడుస్తూ చదివాడు. తను కొలుస్తున్నది నేలని కాదని ఆయనకప్పుడు తెలిసింది. ఎవరెంత ఒంటరిగా చదివారో ఆ యంత్రం కొలుస్తోంది. ఎంత ఒంటరి అయితే అంత స్థానికుడు. ఆ గదిలో తను పడ్డది ఈ పిల్లలు పడకూడదనే కదా పెనం పెట్టింది.

ఇదంతా రోసాలిన్‌కి చెప్పాడు. "పాపం," అంది ఆమె, నిజంగానే బాధపడుతూ. "కానీ చట్టంలో ఒంటరితనం గురించి ఏమీ లేదు కదా."

ఓడ ఎక్కే రోజున కెజియా ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "ఆ గని ఆయన చెయ్యి నెలకోసారి సరిచూడాల, మాస్టారూ. ఎవురికన్నా చెప్పండి," అంది. తరవాత సంచి భుజానికెత్తుకుని, "కొత్తగా వచ్చిన పిల్లలకి కూడా చెప్పండి," అంది. ఏం చెప్పాలో అనలేదు. అనక్కర్లేకపోయింది.

శనివారం పొద్దున తలుపు చప్పుడైంది. ఆ వారమే దిగిన ఇద్దరు ఆడపిల్లలు, చేతుల్లో పుస్తకాలు. అలవాటు కొద్దీ నానబెట్టి రుబ్బిన పిండి, గిన్నె అంచు దాటి వంటగట్టు మీదికి పొంగి ఉంది.

"మాస్టారూ, శనివారాలు మీరు పాఠం చెబుతారని..." అంది ఒకామె. ఆ మాటలో గోదావరి యాస ఉంది.

ఆయన తలుపు సగమే తెరిచి నిలబడ్డాడు. "లైబ్రరీకి వెళ్ళండి," అన్నాడు ఇంగ్లీషులో. "వేరువేరు బల్లల దగ్గర కూర్చోండి."

ఆ పిల్ల తెల్లబోయింది. లోపల్నుంచి అట్లపిండి పులుపు వాసన వస్తోంది. "అదేంటండీ, మీరు తెలుగువారే కదండీ? రాజమండ్రి అన్నారు."

"కాదు," అన్నాడు భీమశంకరం, ఇంగ్లీషులోనే. "నేను ఇక్కడివాణ్ణి."

తలుపు వేసేశాడు. వాళ్ళ అడుగుల చప్పుడు నడవా చివరిదాకా కలిసే వెళ్ళింది. ఆ మలుపు దగ్గర విడిపోయింది.