జోలికి రానన్న సీసా

ఆదివారం మధ్యాహ్నం పరిశోధనశాలలో పిట్ట కూడా ఉండదు. పిచ్చుకకి అదే ఇష్టం. రసాయన శాస్త్రంలో తలపండిన మనిషిని పిచ్చుక అని పిలిచింది ఒక్క అన్నయ్యే. చిన్నప్పుడు ఆమెకి నోరు మూతపడేది కాదు మరి. ఆయన పోయాక ఇంకెవర్నీ ఆ పేరుతో పిలవనివ్వలేదు. కన్నకూతురికి కూడా ఆయన ఆ పేరు చెప్పలేదు. మనం మాత్రం కథ కోసం పిలుచుకుందాం.

ఊపిరితిత్తుల్లో కణితితో పోయాడాయన. ఆ కణితిలో ఒక ముక్కని, ఆయన సరేనన్నాకే, ఆమె తెచ్చి పెంచుతోంది. చదునైన సీసాల్లో, ఎర్రటి పోషక ద్రవంలో, ఒంటి వేడి ఉండే పెట్టెలో ఆ కణాలు ఇంకా బతికే ఉన్నాయి. వాటి మీద రాగితో చేసిన మందులు పరీక్షిస్తుంది. రాగి చుట్టూ రకరకాల అణువుల్ని తగిలించడం, కణాలు చస్తాయో లేదో చూడటం, ఇదే పని. ఇన్నాళ్లకి ఒక నీలం మందు దారికొచ్చింది. రాక తప్పదు కూడా. అన్నయ్య కూతురికి ఇప్పుడు అదే జబ్బు. తొమ్మిదేళ్ల పిల్ల.

పరీక్ష చేసిన ప్రతిసారీ ఒక సీసాని మందు తగలకుండా వదిలేయాలి, మిగతావాటితో పోల్చుకోవడానికి. ఆ సీసాని ఆమె రోజూ పలకరించేది. "నీ జోలికి రానులే అన్నయ్యా." గడ్డకట్టించి దాచిన కణాలు మొన్న ఫ్రీజరు చెడిపోయి పాడయ్యాయి. అన్నయ్య కణాలు బతికి మిగిలింది ఇక ఆ ఒక్క సీసాలోనే.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి వదిన.

"పాపకి ఊపిరందట్లేదు. నీ మందు ఇంకెప్పటికి?"

"ఇవాళ తేలిపోతుంది వదినా. రేపే డాక్టర్లతో మాట్లాడతా."

ఆ కంగారులో ద్రవాలు కొలిచి పోసే గొట్టం మార్చడం మర్చిపోయింది. మందు పోసిన గొట్టంతోనే ఆ సీసాలో పోషక ద్రవం పోసింది. ఎరుపులోకి నీలం చారిక ఒకటి మెల్లగా దిగింది.

కరెంటు పోయింది. కిటికీల్లేని గది.

ముందు వాసన వచ్చింది. అన్నయ్య దగ్గి దగ్గి నెత్తురు కక్కిన బేసిన్ వాసన. తర్వాత చప్పుడు. గరగరమంటూ ఊపిరి. పెట్టె తలుపు దానంతటదే తెరుచుకుంది. వెచ్చటి తడి గాలి ఆమె మెడకి తగిలింది.

"పిచ్చుకా..."

ఆమె కదల్లేదు.

"జోలికి రానన్నావు."

ఒక చెయ్యి జుట్టు పట్టుకుంది. ముఖాన్ని పనిబల్ల ముందున్న గాజు పలకకేసి కొట్టింది. ఒకసారి... మళ్లీ... ముక్కు పటుక్కుమంది. పన్నూడి నాలుక మీద పడింది.

"పొరపాటైంది అన్నయ్యా... కడిగేస్తా..."

"కడుగు. ఆ మందు కూడా పారబొయ్యి. అంతా."

కడిగితే కణాలు బతుకుతాయి. సీసా ఒక చేతిలో, నీలం మందు బుడ్డి ఇంకో చేతిలో పట్టుకుంది.

"నీ కూతురికి ఊపిరాడట్లేదు..."

"నాకూ ఆడట్లేదు."

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండింది. అంత భయంలోనూ కోపమే గెలిచింది. బుడ్డి ఎత్తి సీసాలోకి ఒంపింది. చిటికెన వేలు విరిగింది. దాని పక్క వేలు... ఆ పక్కది... మెడ మీద పట్టు బిగిసింది. కళ్లల్లో నెత్తురు. ఒంపుతూనే ఉంది. గది నాలుగు గోడలూ అరిచాయి...

అంతా ఒక్కసారిగా ఆగిపోయింది.

కరెంటొచ్చాక సూక్ష్మదర్శిని కింద చూసింది. ఒక్క కణం కూడా బతికిలేదు. నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. మందు పనిచేసింది. అన్నయ్యని తన చేత్తోనే చంపుకుంది.

ఫోన్ మళ్లీ మోగింది. వదిన గొంతులో సంతోషం ఆగట్లేదు. "పాప లేచి కూర్చుంది! ఆకలంటోంది! నీతోనే మాట్లాడాలని ఒకటే గొడవ."

ఫోన్ చేతులు మారింది. అత్తా అని తప్ప ఎప్పుడూ ఇంకోలా పిలవని పిల్ల. అవతల గరగరమంటూ ఊపిరి.

"పిచ్చుకా..." అంది పాప. "ఇప్పుడు పొయ్యవే, నీ మందు."